సికిల్‌సెల్ ఉన్న పిల్లవాడు చదువులో వెనకబడితే అది సోమరితనమేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. చిన్నప్పుడే సికిల్‌సెల్ అనీమియా ఉందని తేలింది. ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నాడు. ఐదో తరగతి దాకా చురుగ్గా ఉన్నవాడు ఇప్పుడు లెక్కలు సగంలో వదిలేస్తున్నాడు, చెప్పిన పని మరచిపోతున్నాడు. సార్లు సోమరితనం అంటున్నారు. సెలవులకు వస్తే తిరిగి హాస్టల్‌కు వెళ్లనని ఏడుస్తాడు, కారణం చెప్పడు. ఈ జబ్బు మెదడును కూడా దెబ్బతీస్తుందా?
- ఒక తల్లి, పాడేరు ప్రాంతం

జవాబు: దెబ్బతీసే అవకాశం ఉందమ్మా. అందుకే వాడిని సోమరి అనే ముందు పరీక్ష చేయించాలి. మామూలుగా 120 రోజులు బతకవలసిన ఎర్ర రక్తకణం ఈ జబ్బులో 10 నుంచి 20 రోజులకే చితికిపోతుంది కనుక రక్తహీనత ఎప్పుడూ ఉంటుంది. దానికి తోడు, కొడవలిలా వంగి గట్టిపడిన కణాలు రక్తనాళాల్లో అడ్డుపడతాయి. శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు మెదడుకే కావాలి కాబట్టి ఆ కొరత ముందుగా తగిలే చోట్లలో అదొకటి.

కాలూ చెయ్యీ పడిపోకుండా, మాట తడబడకుండా, పైకి ఏ లక్షణమూ లేకుండానే మెదడులో చిన్న చిన్న భాగాలు దెబ్బతినవచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఎమ్మారై తీసి చూసినప్పుడు, తీవ్రమైన రకం సికిల్‌సెల్ ఉన్న పిల్లల్లో 18 ఏళ్లు వచ్చేసరికి మూడో వంతుకు పైగా ఇలాంటి మచ్చలు కనిపించాయి. మన దేశంలో చాలామందికి పిండదశ హిమోగ్లోబిన్ (తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ రక్తంలో ఉండే రకం) ఎక్కువగా ఉండటం వల్ల జబ్బు తీవ్రత కొంత తక్కువగా ఉంటుందన్నది నిజమే గాని, ఆ నమ్మకంతో పరీక్ష మానుకోవడం సరికాదు. ఈ మచ్చలు ఎక్కువగా మెదడు ముందు భాగంలో వస్తాయి. అక్కడ దెబ్బ తగిలితే తెలివి పూర్తిగా పోదు గాని, ఏకాగ్రత, పని వేగం, ఒకటి చేస్తూ మరొకటి గుర్తుంచుకోవడం తగ్గుతాయి. బోర్డు మీది లెక్కలో రెండో వరుస రాసుకునేసరికి సారు మొత్తం తుడిచేసి ఉంటారు. పిల్లవాడికి లెక్క రాక కాదు, సమయం చాలక వదిలేస్తాడు.

హాస్టల్‌కు వెళ్లననడం గురించి ఒక మాట మెల్లగా అడిగి చూడండి. ఈ జబ్బులో మూత్రపిండాలు మూత్రాన్ని చిక్కబరచలేవు. అందుకని ఈ పిల్లలు ఎక్కువగా నీళ్లు తాగాలి, మాటిమాటికీ బయటికి వెళ్లాలి, పెద్దయ్యాక కూడా కొందరు నిద్రలో పక్క తడుపుతారు. పది మంది మధ్య పడుకునే పిల్లవాడికి ఆ సిగ్గు ఎంత బరువో పెద్దలకు తట్టదు. పచ్చబడిన కళ్లను చూసి తోటివాళ్లు ఎగతాళి చేయడం, ఎదుగుదల ఆలస్యమై వాళ్లకంటే పొట్టిగా కనిపించడం, నొప్పి వచ్చినప్పుడు నాటకమనడం కూడా ఇలాంటివే. వాపు గాని, గాయం గాని లేని నొప్పిని చాలామంది నమ్మరు. నమ్మకపోతే పిల్లవాడు చెప్పడం మానేస్తాడు. దిగులు, కోపం, నిద్రలేమి అక్కడినుంచే మొదలవుతాయి.

ఇక చేయవలసినవి. మెదడు రక్తనాళాల్లో రక్తవేగాన్ని కొలిచే డాప్లర్ స్కాన్ సంగతి మీ వైద్యులను అడగండి. ఆ వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటిన పిల్లలకు క్రమం తప్పకుండా రక్తం ఎక్కిస్తే పక్షవాతం ముప్పు బాగా తగ్గుతుందని 1998లో అమెరికాలో జరిగిన పరిశోధన తేల్చింది. ఈ జబ్బుకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా మాత్రలు ఇప్పటికే వాడుతుంటే వైద్యులు చెప్పనిదే ఆపకండి. మాట్లాడే తోడు కావాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు.

ప్రధానోపాధ్యాయుణ్ణి, వార్డెన్‌ను ఒకే రోజు కలవండి. నీళ్ల సీసా దగ్గర ఉంచుకోనివ్వాలనీ, మూత్రానికి అడిగితే ఆపవద్దనీ, చలిలో స్నానమూ పరుగులూ బలవంతం చేయవద్దనీ, రాతకు కొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలనీ చెప్పండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సికిల్‌సెల్‌ను వైకల్యాల జాబితాలో చేర్చింది కనుక ఇవి దయ కోరడం కాదు.

అకస్మాత్తుగా మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా, ఫిట్స్ వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా 108కు ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. ఈ సంగతి వార్డెన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి రండి.