టీఎల్‌సీ ప్లేటు మీద తోకలు, మారే ఆర్‌ఎఫ్ విలువలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నేను రసాయనశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. పలుచని పొర క్రొమటోగ్రఫీ (టీఎల్‌సీ, అంటే సిలికా జెల్ పూసిన ప్లేటు మీద ద్రావణిని పైకి పాకించి పదార్థాలను విడదీసే పద్ధతి) చేసిన ప్రతిసారీ మచ్చలు గుండ్రంగా రాకుండా మొదటి గీత నుంచి పొడవాటి తోకల్లా సాగుతున్నాయి. హెక్సేన్, ఇథైల్ అసిటేట్ నిష్పత్తిని ఎంత మార్చినా ప్రయోజనం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: ద్రావణి నిష్పత్తిని పక్కన పెట్టి, ముందు మీరు ప్లేటు మీద ఎంత పదార్థం వేస్తున్నారో చూడండి. విద్యార్థుల ప్లేట్లలో కనిపించే తోకల్లో ఎక్కువ భాగం ప్లేటును ద్రావణిలో పెట్టకముందే ఖాయమైపోతాయి. సిలికా జెల్ ఉపరితలం మీద ఉండే హైడ్రాక్సిల్ సమూహాలు అణువులను పట్టి ఉంచుతాయి కానీ, ఒక చిన్న చుక్క పరిధిలో అలాంటి స్థానాలు పరిమితంగానే ఉంటాయి. పదార్థం మోతాదు మించితే ఆ స్థానాలన్నీ నిండిపోయి, మిగిలినది పట్టు లేకుండా ముందుకు పోతుంది. పట్టుబడినది నెమ్మదిగా వెనకే వస్తుంది. మచ్చ సాగడమే కాకుండా ఆర్‌ఎఫ్ విలువ (మచ్చ కదిలిన దూరాన్ని ద్రావణి కదిలిన దూరంతో భాగిస్తే వచ్చే సంఖ్య) కూడా ఉండవలసిన దానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ఒక మిల్లీలీటరు ద్రావణిలో సుమారు 10 మిల్లీగ్రాముల పదార్థం, అంటే దాదాపు ఒక శాతం ద్రావణం, చాలా సందర్భాల్లో సరిపోతుంది. దాన్ని పది రెట్లు పలచన చేసి, రెండింటినీ ఒకే ప్లేటు మీద పక్కపక్కన వేసి నడిపించండి. పలచనైన దానిలో తోక మాయమైతే కారణం మోతాదేనని తేలిపోయినట్లే. పలచన చేసినా తోక అలాగే ఉంటే అప్పుడు పదార్థం స్వభావాన్ని అనుమానించాలి. అమీన్లు ఆమ్ల స్వభావం గల సిలికాను గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి ద్రావణిలో ఒక శాతం వరకు ట్రైఇథైల్‌అమీన్ కలిపితే మచ్చ కుదురుకుంటుంది. కార్బాక్సిలిక్ ఆమ్లాలకైతే కొన్ని చుక్కల అసిటిక్ ఆమ్లం అదే పని చేస్తుంది.

చుక్క పెట్టే తీరు మీద కూడా శ్రద్ధ అవసరం. సన్నగా సాగదీసిన క్యాపిలరీని (సన్నని గాజు గొట్టాన్ని) నిలువుగా పట్టుకుని, కొన ప్లేటుకు తగిలీ తగలగానే పైకి తీయాలి. మచ్చ ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించకూడదు, సిలికా పొర గీసుకుపోకూడదు. చుక్క చాలదనిపిస్తే ఆరనిచ్చి అదే చోట మరోసారి పెట్టాలి తప్ప, క్యాపిలరీని ఆనించి ఉంచకూడదు. నమూనాను డైక్లోరోమీథేన్, ఇథైల్ అసిటేట్ వంటి త్వరగా ఆరిపోయే ద్రావణిలో కరిగించడం మంచిది. రసాయన చర్య డీఎంఎఫ్‌లో (డైమిథైల్‌ఫార్మమైడ్, త్వరగా ఆరని ద్రావణి) జరుగుతుంటే ఆ మిశ్రమాన్ని నేరుగా వేయకుండా, ఒక చుక్కను చిన్న సీసాలో కొంచెం నీటితో, ఇథైల్ అసిటేట్‌తో కలిపి కుదిపి, పై పొరలో నుంచి తీసుకోండి. ఆరకుండా మిగిలిన డీఎంఎఫ్ కూడా మచ్చను లాగేస్తుంది.

నేను ప్రతి విద్యార్థికీ గట్టిగా చెప్పే అలవాటు మరొకటి ఉంది. ప్లేటును గదిలో (ద్రావణి పోసిన మూత గల గాజు పాత్రలో) పెట్టే ముందు ఒకసారి 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద చూడండి (దీపాన్ని నేరుగా చూడవద్దు). ఆ కాంతిని పీల్చుకునే పదార్థమైతే, ప్రతిదీప్తి సూచిక గల ప్లేటు ఆకుపచ్చగా మెరుస్తుండగా మీ చుక్కలు నల్లగా కనిపించాలి. అక్కడే కనిపించని చుక్క పైకి వెళ్లి విస్తరించాక కనిపించదు. అక్కడే అలుక్కుపోయిన చుక్క పైన గుండ్రంగా మారదు.

ప్రశ్న: ఒకే పదార్థానికి నిన్న ఆర్‌ఎఫ్ 0.40 వచ్చింది, ఈ రోజు 0.52 వచ్చింది. దేన్ని నమ్మాలి?

జవాబు: రెండు ప్లేట్ల మధ్య పోల్చేందుకు దేన్నీ నమ్మకండి. ఆర్‌ఎఫ్ ద్రవీభవన స్థానం వంటి స్థిరాంకం కాదు. గాలిలోని తేమ సిలికా మీద చేరి దాని పట్టును తగ్గిస్తుంది, మూత తీసి ఉంచిన మిశ్రమం నుంచి హెక్సేన్ ముందుగా ఆవిరై నిష్పత్తి మారుతుంది, గది ఆవిరితో నిండకపోతే ప్లేటు మీద నుంచి ద్రావణి ఆరిపోతూ ఉంటుంది. అందుకే గది లోపల వడపోత కాగితం ఆనించి, ద్రావణి పోసి, మూత పెట్టి కొన్ని నిమిషాలు ఆగాలి. ద్రావణి మట్టం పెన్సిల్ గీతకు కిందే ఉండాలి. గీత మునిగితే చుక్కలు ద్రావణిలోకే కరిగిపోతాయి. ప్లేటును బయటికి తీసిన మరుక్షణమే ద్రావణి చేరిన ఎత్తును గుర్తించాలి, ఆరాక ఊహించి గీసిన గీతతో లెక్కించిన విలువకు అర్థం లేదు.

చర్యను గమనించేటప్పుడు మూడు చుక్కలు వేయండి: ఒక పక్క ప్రారంభ పదార్థం, మరో పక్క చర్యా మిశ్రమం, మధ్యలో రెండూ ఒకే చోట. మధ్య వరుసలో రెండు మచ్చలు విడిపోతే, ఎంత దగ్గరగా ఉన్నా అవి వేర్వేరు పదార్థాలని తెలుస్తుంది. ఒక్క మచ్చగానే ఉంటే మాత్రం రెండూ ఒకటేనని తీర్మానించకుండా, వేరే స్వభావం గల మరో ద్రావణి మిశ్రమంలో, ఉదాహరణకు డైక్లోరోమీథేన్, మిథనాల్‌లో, మళ్లీ చూడాలి.

ప్రశ్న: దీపం కింద మచ్చ లేకపోతే చర్య పూర్తయినట్లేనా?

జవాబు: కాదు. అతినీలలోహిత కాంతిని పీల్చుకోని పదార్థాలు ఎన్నో ఉన్నాయి. దీపం కింద కనిపించిన మచ్చల చుట్టూ పెన్సిల్‌తో గీసి, తర్వాత అయోడిన్ ఆవిరిలో ఉంచండి, లేదా పర్మాంగనేట్ ద్రావణంలో ముంచి వేడి చేయండి. ఆక్సీకరణం చెందే పదార్థాలు పర్మాంగనేట్‌తో ఊదా నేపథ్యం మీద పసుపు, గోధుమ రంగు మచ్చలుగా బయటపడతాయి. అమైనో ఆమ్లాలకైతే నిన్‌హైడ్రిన్ అనే రంగు తెప్పించే రసాయనం వాడాలి.