పురిటికి అమెరికా వెళ్ళి ఆరు నెలలూ ఉండగలమా? రెండుసార్లు వెళ్ళొచ్చిన అమ్మమ్మ జవాబు

అమ్మాయికి జనవరిలో మొదటి కాన్పు, పదేళ్ళ వీసా చేతిలో ఉంది, పిల్లలు ఆరు నెలలూ ఉండిపొమ్మంటున్నారు, మీవారికి షుగరూ బీపీ ఉన్నాయి, ఉండగలమా, ముందు ఏమేం చూసుకోవాలి అని అడిగారు. ఉండగలరు. కానీ ఉండొద్దంటాను నేను.

మాది తెనాలి. మావారు బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అమ్మాయీ అల్లుడూ డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. 2023 జనవరిలో మనవరాలు పుట్టినప్పుడు డిసెంబరు మధ్యలోనే వెళ్ళి ఐదు నెలల ఇరవై రోజులు ఉన్నాం. 2025లో మనవడు పుట్టినప్పుడు కాన్పుకి మా వియ్యాలవారు వెళ్ళారు. మేము పిల్లాడికి మూడో నెల వచ్చాక వెళ్ళి, మూడున్నర నెలలుండి వచ్చేశాం. రెండింట్లో ఏది బాగా గడిచిందని మా అమ్మాయిని అడిగినా రెండోదే అంటుంది.

మనవాళ్ళందరం కాన్పుకి పరిగెడతాం. తప్పు కాదు, మొదటి కాన్పుకి తల్లి పక్కన లేకపోతే ఎలా? కానీ అక్కడ పురిటి నెలలో ఇల్లు నిండా మనుషులే. అల్లుడు సెలవు పెడతాడు, స్నేహితులు వంతులేసుకుని పప్పూ కూరా పంపుతారు. అసలు కష్టం అమ్మాయి ఉద్యోగంలో మళ్ళీ చేరే రోజున మొదలవుతుంది. అక్కడి చట్టం ప్రకారం అర్హత ఉన్నవాళ్ళకి దొరికేది పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా. కొన్ని రాష్ట్రాల్లో తప్ప, జీతంతో ఇవ్వడమనేది కంపెనీ దయ. పదమూడో వారం వచ్చేసరికి పిల్ల రాత్రి రెండుసార్లు లేస్తోంది, పొద్దున ఎనిమిదింటికి మీటింగు, మధ్యలో పంపుతో పాలు తీసి సీసాల్లో పెట్టుకోవాలి. మా అమ్మాయికి నేను నిజంగా కావలసింది అప్పుడు. అప్పటికి మేము వెళ్ళి నాలుగు నెలలు. నా మోకాళ్ళు పట్టేశాయి, మావారికి విసుగొచ్చేసింది, అల్లుడి ఎదురుగా పైకి మాట్లాడుకోవడానికి కూడా మొహమాటపడే స్థితికి వచ్చాం ఇద్దరం.

అందుకని నా లెక్క ఇది. డాక్టరు చెప్పిన కాన్పు డేటుకి పది పన్నెండు రోజుల ముందు దిగండి, ఏప్రిల్లో మీ అమ్మాయి ఉద్యోగంలో చేరాక ఒక రెండు వారాలు చూసి తిరిగి రండి. మీ వియ్యాలవారు వస్తామంటే ఆ తర్వాత నుంచి వాళ్ళు చూసుకుంటారు. రెండు జంటలూ ఒకే ఇంట్లో ఉండేది వారం పది రోజులు మించకూడదు. మా వియ్యపురాలు బంగారం లాంటి మనిషి, అయినా ఒక స్టవ్ దగ్గర పప్పులో చింతపండు ఎంత వెయ్యాలో ఇద్దరం తేల్చుకోలేకపోయాం.

పదేళ్ళ వీసా సంగతి ఒకటి స్పష్టంగా తెలుసుకోండి. పదేళ్ళూ వెళ్ళి రావచ్చని దానర్థం, ఒక్కో ప్రయాణంలో ఎన్నాళ్ళుండాలో చెప్పేది అది కాదు. అది విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు నిర్ణయిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. ఎప్పటిలోగా తిరిగి రావాలో ఆ తేదీ ఐ-94 అనే ప్రవేశ రికార్డులో ఉంటుంది, ఇల్లు చేరగానే అల్లుడి చేత ఆన్‌లైన్లో తీయించి ప్రింటు దగ్గర పెట్టుకోండి.

ఆ ఆఫీసరు దగ్గర మావారు చేసిన నిర్వాకం చెబుతాను. హైదరాబాద్ నుంచి దోహా, అక్కడి నుంచి డాలస్ పదహారు గంటలు. కాళ్ళు వాచిపోయి, నిద్ర లేక నిలబడ్డాం. "ఎందుకొచ్చారు?" అనడిగాడు. మావారు వచ్చీరాని ధైర్యంతో "బేబీ సిట్టింగ్" అన్నారు. ఆయన చేస్తున్న టైపింగు ఆపేసి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఎవరి బేబీ, డబ్బులిస్తారా, ఎన్నాళ్ళు, రిటర్న్ టికెట్ ఏదీ అని వరసగా అడిగాడు. అక్కడ ఆ మాటకి జీతానికి చేసే పని అని అర్థం, విజిటర్ వీసా మీద జీతానికి పని చేయకూడదు. మా అమ్మాయి కాన్పు, మనవరాల్ని చూసుకోవడానికి వచ్చాం, జూన్లో వెళ్ళిపోతాం అని నేను తెలుగింగ్లీషులో చెప్పాక నవ్వి స్టాంపు వేశాడు. మీరు నిజమే చెప్పండి, "అమ్మాయి దగ్గరికి, మనవల్ని చూడటానికి" అంటే చాలు. వీల్‌చెయిర్ సాయం టికెట్ బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టించుకోండి, దానికి విడిగా డబ్బు తీసుకోరు, మోకాళ్ళకి మంచిది, దారి వెతుక్కునే టెన్షనూ ఉండదు.

ఇక ఆసుపత్రి. కాన్పయిన గంటకి నర్సు ఓ పెద్ద మూత గ్లాసు తెచ్చి నా కూతురి చేతిలో పెట్టింది. నిండా ఐసు ముక్కలు, పైన స్ట్రా. నా గుండె ఆగినంత పనైంది. మా ఇంట్లో బాలింతకి కాచి చల్లార్చిన నీళ్ళే, అవీ గుక్కెడు గుక్కెడు. "వద్దమ్మా" అనేలోపు అది సగం తాగేసింది. నర్సు నా మొహం చూసి మీకూ తెమ్మంటారా అనడిగింది. నేను వద్దన్నాను, మావారు మాత్రం తెప్పించుకున్నారు. మామూలు కాన్పయితే రెండో రోజే ఇంటికి పంపేస్తారు. పాపని ఒళ్ళో పెట్టుకుని కారెక్కుదామనుకున్నాను, కుదరదు. పుట్టిన బిడ్డయినా వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే కార్ సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టాల్సిందే.

నీళ్ళ విషయంలో తర్వాత నేనే దిగొచ్చాను. పాలిచ్చే తల్లి దాహం వేసినప్పుడల్లా తాగాలి, మనం కట్టడి చేసేది తప్పు. బాలింతలకి చేసే కాయం మందు, వెల్లుల్లి కారం, శొంఠి అన్నం, బీరకాయ, సొరకాయ, మెంతికూర పప్పు అన్నీ చేసి పెట్టాను, ఇష్టంగా తింది. కాయంలో ఏమేం వేస్తామో మాత్రం డాక్టరుకి చెప్పించాను. బయట కొన్న ఆయుర్వేదం మందులు ఎవరిచ్చినా పక్కన పెట్టండి.

గొడవంతా ఆవాల దిండు దగ్గర వచ్చింది. తల గుండ్రంగా వస్తుందని మన ఇళ్ళల్లో పెట్టేదే కదా. ఇండియన్ స్టోర్లో ఆవాలు కొనిపించి, నా పాత వాయిల్ చీర కొంగు చింపి, చిన్న దిండు కుట్టి, తొట్లో పెట్టాను. సాయంత్రానికి లేదు. అల్లుడు తీశాడని తెలిసి రెండు రోజులు ముభావంగా ఉన్నాను. "మిమ్మల్నందర్నీ ఇలాగే పెంచాం" అన్న మాట కూడా అనేశాను, అనకుండా ఉండాల్సింది. మూడో రోజు పిల్లల డాక్టరు దగ్గరికి నన్నూ తీసుకెళ్ళారు. ఏడాది లోపు బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టాలి, గట్టి పరుపు మీద, ఒంటరిగా, దిండూ దుప్పటీ బొమ్మా ఏదీ తొట్లో ఉండకూడదు, నిద్రలో ఊపిరాడక పోయే ప్రమాదం ఉంటుంది అని ఆవిడ ఓపిగ్గా చెప్పింది. మన పక్కలో వేసుకుని పడుకోవడం కూడా వద్దంది, అదే గదిలో వేరే తొట్లో ఉంచమంది. నాకు మింగుడు పడటానికి టైం పట్టింది. దిండు మాత్రం వృథా పోలేదు, మావారు సీరియల్ చూసేటప్పుడు మెడ కింద పెట్టుకున్నారు.

సాంబ్రాణి కూడా వదిలేయండి. నలుగు స్నానానికి బొడ్డు ఊడేదాకా ఆగాను, అంతవరకు తడిబట్టతో తుడవడమే. మొదటి తలంటు రోజు ఓ మూకుడులో రెండు నిప్పు కణికలు చేసి సాంబ్రాణి వేశాను. అర నిమిషంలో ఇల్లంతా ఒకేసారి కీచుమని మోగడం మొదలెట్టింది, ఒక గదిలో పొగ అలారం మోగితే అన్ని గదుల్లోవీ మోగుతాయట. అల్లుడు చెవులకి హెడ్‌ఫోన్లతోనే మీటింగు లోంచి పరిగెత్తుకొచ్చి తువ్వాలు విసురుతున్నాడు, మావారు కిటికీలు తెరవబోతే అవి రాక తలుపు తీశారు, బయట మంచు గాలి. పాప మాత్రం నిద్ర లేవలేదు. పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకి మంచిది కాదని డాక్టరు తర్వాత చెప్పింది. కంటికి కాటుకా వద్దు, అందులో సీసం ఉండొచ్చు. తేనె చుక్క నాలిక్కి రాయడం ఏడాది దాకా వద్దేవద్దు, అందులోని ఒక క్రిమి పసిపిల్లలకి ప్రాణం మీదికి తెస్తుంది. ఉగ్గు, వస, మంచినీళ్ళు, ఏవీ ఆరో నెల వరకు అక్కర్లేదు. డాక్టరు విటమిన్ డి చుక్కలు రాస్తుంది, అవి రోజూ వేయాలి. నూనె రాసి కాళ్ళూ చేతులూ సాగదీయడం మాత్రం మన పద్ధతే, నాకు అక్కడ గౌరవం మిగిలింది అందులోనే.

మీరు ఇక్కడ ఉండగానే చేయాల్సింది ఒకటుంది. కోరింత దగ్గు రాకుండా టీడాప్ అని ఒక టీకా ఉంటుంది, బిడ్డని తాకడానికి కనీసం రెండు వారాల ముందు ఇద్దరూ వేయించుకోండి. ఫ్లూ టీకా కూడా. మన ఫ్యామిలీ డాక్టరునే అడగండి. ఇవి లేకపోతే అక్కడి డాక్టర్లు మనవరాల్ని ఎత్తుకోవడానికి ఒప్పుకోరని మా అమ్మాయి ముందే బెదిరించింది.

కాన్పయిన మూడో వారంలో మా అమ్మాయి ఊరికే ఏడ్చేది. పాలు తాగిస్తూ ఏడ్చేది, అన్నం ముందు కూర్చుని ఏడ్చేది. నేను దిష్టి తీశాను, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి. మొదటి రెండు వారాల్లో అలా ఉండటం మామూలేనట. ఆపైన కొనసాగితే డాక్టరుకి చెప్పాలి. చెకప్‌లో పది ప్రశ్నలున్న ఒక కాగితం ఇచ్చారు. గత ఏడు రోజుల్లో నవ్వగలిగావా, నీ తప్పు లేకుండా నిన్ను నువ్వే నిందించుకున్నావా, ఇలాంటివి. దాని జవాబులు చూసి డాక్టరు కౌన్సెలింగ్‌కి పంపింది. దిష్టి తీసినందుకు నాకు సిగ్గేం లేదు, కానీ ఆ కాగితం రాకపోతే నేను ఇంకా దిష్టే తీస్తుండేదాన్ని. మీరు వెళ్ళేది ముఖ్యంగా మనవరాలి కోసం కాదు, మీ అమ్మాయి కోసం. పాపని దాని చేతికిచ్చి మీరు వంటింట్లో ఉండండి. మనం ఎత్తుకుని తిరుగుతూ అమ్మాయి చేత గిన్నెలు తోమించడం నేను రెండు మూడిళ్ళల్లో చూశాను.

ఇప్పుడు మీవారి సంగతి. నిజం చెప్పాలంటే పసిపిల్లని చూసుకోవడం కంటే తాతయ్యని చూసుకోవడం కష్టం. కారు లేనిదే కాలు బయట పెట్టలేం, వీధిలో పలకరించే మనిషి ఉండడు. జనవరి చలికి మావారు మంకీ క్యాప్ పెట్టుకుని పోర్టికోలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవారు. తెనాలిలో పొద్దున్నే టీ కొట్టు దగ్గర నలుగురితో పేపరు చదివే మనిషి. మార్చిలో ఎండ వచ్చాక పక్క కాలనీ చెరువు గట్టు మీద బెంచీలో మరో నలుగురు తాతయ్యలు దొరికారు, ఒకాయన ఖమ్మం, ఒకాయన అనంతపురం, ఇద్దరు తమిళులు. ఆ రోజు నుంచి ఇంట్లో శాంతి. మీ అమ్మాయి వాళ్ళ చుట్టుపక్కల అలాంటి జట్టు ఎక్కడుందో, గుడి ఎంత దూరమో ముందే కనుక్కోమనండి. రెండోసారి ఆయనకి డిష్‌వాషర్ సర్దే పని అప్పగించాం, ఇంకెవరైనా గిన్నె పెడితే తీసి మళ్ళీ తన పద్ధతిలో పెట్టుకునేంత అధికారం వచ్చింది.

షుగరూ బీపీ గురించి: విజిటర్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి, కానీ చదివి తీసుకోండి. చౌకవి ఒక్కో చికిత్సకీ ఇంతే అని కొద్ది మొత్తం ఇచ్చి ఊరుకుంటాయి. కాస్త ఖరీదైనవి మనం కట్టే భాగం పోగా ఎక్కువ శాతం ఇస్తాయి. పాత జబ్బు ఉన్నట్టుండి ముదిరితేనే కొన్ని ఇస్తాయి, మామూలు చెకప్పులకీ మందులకీ ఇవ్వవు. మందులు సరిపడా, కంపెనీ స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో పట్టుకెళ్ళండి, చీటీ మీద కంపెనీ పెట్టిన పేరు ఒక్కటే కాకుండా మందు అసలు పేరు (జెనరిక్) రాయించండి. పళ్ళు చూపించుకుని వెళ్ళండి. నాకు మార్చిలో కింది దవడ పన్ను సలుపు మొదలైంది, మా ఇన్సూరెన్సులో పళ్ళు లేవు. అక్కడి ఖర్చు విని లవంగం పెట్టుకుని జూన్ దాకా ఓర్చుకున్నాను, తెనాలి రాగానే రూట్ కెనాల్. మీవారిది పెన్షన్ అయితే ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇచ్చేసి విమానం ఎక్కండి.

సామాన్లలో పచ్చళ్ళూ పొడులూ బాగా ప్యాక్ చేయించుకుంటే చాలు. బియ్యం, పళ్ళు, మాంసం, పచ్చి కరివేపాకు వద్దు. మా పెరట్లో కరివేపాకు కాగితంలో చుట్టి పెట్టాను, అడిగినప్పుడు ఉందని చెప్పేశాను కాబట్టి చెత్తబుట్టలో పడేసి వదిలారు, దాచి ఉంటే జరిమానా. మిక్సీ మోసుకెళ్ళకండి, అక్కడ కరెంటు 120 వోల్టులు, మనది 230.

టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే తీసుకోండి. వియ్యాలవారితో ఈ వారమే కూర్చుని మాట్లాడండి. వాళ్ళకి వీసా లేకపోతే ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో, తేదీ దొరకడానికి ఒక్కోసారి నెలలు పడుతుంది. మీరు ఏప్రిల్లో తిరిగొచ్చే రోజుకి వాళ్ళు అక్కడ దిగాలంటే అది ఇప్పుడు మొదలవ్వాలి.