అద్దె ఫ్లాట్‌లో గవ్వల పీట పెట్టుకుంటే ఓనరు ఖాళీ చేయించవచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో నెలకు 28 వేలకు డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకున్నాం. అగ్రిమెంటు 11 నెలలది. అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న గవ్వల ప్రశ్న (గవ్వలు వేసి, అవి పడిన తీరును బట్టి జోస్యం చూడడం) రోజూ తెల్లవారుజామున వేసుకుంటాను. చిన్న గదిని అందుకే ఉంచుకుని గోడకు అర, దీపం, సాంబ్రాణి ఏర్పాటు చేద్దామనుకుంటే, ఓనరుగారు "క్షుద్రపూజలంటే పోలీసులకు చెబుతా, అడ్వాన్సు కూడా ఇవ్వను" అంటున్నారు. తెలిసినవాళ్లు కూడా వచ్చి అడిగిపోతుంటారు. దక్షిణ తీసుకోవచ్చా? — ఒక పాఠకురాలు

జవాబు: ముందుగా పోలీసుల భయం సంగతి. కర్ణాటకలో 2017 నాటి దుష్టాచారాలు, చేతబడి నిరోధక చట్టం 2020 జనవరి నుంచి అమల్లో ఉంది. నరబలి, గుప్తనిధుల కోసం చేసే అమానుష క్రియలు, దయ్యం వదిలించే పేరుతో కొట్టడం, పాము కరిచినవాణ్ని ఆసుపత్రికి పోనివ్వకుండా మంత్రం వేయడం లాంటివి అందులో నేరాలు. శిక్ష ఏడాది నుంచి ఏడేళ్లు. జ్యోతిషం, వాస్తు సలహాలను, ఇంట్లో చేసుకునే పూజలను ఆ చట్టమే మినహాయించింది. మీ గవ్వలు మీరు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఇక ఓనరు. అద్దె నెలకు 3,500 దాటిన ఇళ్లకు కర్ణాటక అద్దె చట్టం వర్తించదు కాబట్టి మీ ఇద్దరి మధ్య ఉన్నది అగ్రిమెంటు, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, అంతే. దాని 108వ సెక్షన్ చదివితే మీ గది ఎలా ఉండాలో దాదాపు తెలిసిపోతుంది. ఇల్లు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. అనుమతి లేకుండా శాశ్వత కట్టడం చేయకూడదు. మీరు అమర్చుకున్నవాటిని వెళ్లేటప్పుడు తీసుకుపోవచ్చు, కానీ ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి.

అందుకే గోడకు అర వద్దు. డ్రిల్లింగ్ రంధ్రాల మీద జరిగినన్ని అడ్వాన్సు గొడవలు దీపాల మీద జరగవు. నేల మీద నిలబడే చెక్క స్టాండు, దాని ముందు రెండడుగుల పీట, గవ్వలు వేయడానికి మందపాటి గుడ్డ చాలు. సిమెంటు గట్టు, టైల్స్ అతికించడం శాశ్వత కట్టడం కిందికి లాగే వాదనకు తావిస్తాయి. పసుపు, కుంకుమ, నూనె గోడకు అంటితే పెయింటింగు ఖర్చు మీ నెత్తినే పడుతుంది. గోడకూ పీటకూ మధ్య ఓ అడుగు వదలండి, దీపం కింద ఇత్తడి పళ్లెం పెట్టండి. సాంబ్రాణి బొగ్గులను టైల్ మీద నేరుగా పెడితే అది పగిలే ప్రమాదం ఉంది, కర్పూరం మసి పైకప్పుకు పడుతుంది. కిటికీ తెరిచి, కొద్దిగా వేసుకోండి. గదిలో పొగ అలారం ఉంటే దాని కింద అసలే వద్దు.

గంట కొడతారా? శబ్ద కాలుష్య నిబంధనల దృష్టిలో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు, అంటే బ్రాహ్మీ ముహూర్తం రాత్రిలోకే వస్తుంది! నివాస ప్రాంతంలో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్, పగలు 55. సొంత సౌండు సిస్టమ్ గానీ వాయిద్యం గానీ మీ హద్దు దగ్గర ఆ పరిమితిని 5 డెసిబెల్స్ కంటే ఎక్కువ మించకూడదు. స్తోత్రాలు స్పీకరులో పెట్టే అలవాటుంటే ఆరు దాటాక పెట్టుకోండి. గుమ్మం బయటి కారిడార్ మీది కాదు, అందరిదీ. అక్కడ దీపాలు, ముగ్గుపిండి డబ్బా పెడితే అసోసియేషన్‌తో తగువు మొదలవుతుంది.

ఓనరు అడ్వాన్సు మొత్తం పట్టుకోలేరు. నిజంగా జరిగిన నష్టానికి, అగ్రిమెంటులో రాసుకున్న కోతకు మాత్రమే అవకాశం. ఈ వారమే ఆయనకు ఇలా వాట్సాప్ పంపండి: "చిన్న గదిలో స్టాండు, దీపం పెట్టుకుంటున్నాను. గోడలకు మేకులు కొట్టను. గది ఫోటోలు జతచేశాను." ఖాళీ చేయమనాలంటే అగ్రిమెంటులో రాసుకున్న నోటీసు గడువు పాటించాలి. ఒప్పందంలో ఏమీ రాయకపోతే నెలవారీ అద్దెకు 15 రోజులు. బలవంతంగా బయటికి నెడితే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు.

అసలు చిక్కు మీ చివరి ప్రశ్నలో ఉంది. బంధువులు తాంబూలంతో నూటపదహార్లు పెడితే ఎవరూ వ్యాపారమనరు. రేటు పెట్టి, టైము ఇచ్చి, వాచ్‌మన్ రిజిస్టరులో రోజూ నలుగురి పేర్లు పడుతుంటే అదే నివాసం కాని వాడకానికి సాక్ష్యం. అంతవరకూ వెళ్తే ఓనరు దగ్గర రాతపూర్వక సమ్మతి తీసుకోండి. ఆదాయాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో చూపించండి. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా కావాలి.

గవ్వల ముందుకు తరచూ వచ్చే రెండు ప్రశ్నల దగ్గర జాగ్రత్త. "కడుపులో ఉన్నది ఆడా, మగా?" అనే ప్రశ్న తీసుకోవద్దు. చెబుతామని ప్రకటించుకోవడం 1994 లింగనిర్ధారణ నిషేధ చట్టం 22వ సెక్షన్ కింద నేరం, శాస్త్రీయమైన పద్ధతైనా కాకపోయినా మూడేళ్ల దాకా జైలు. రెండోది జబ్బులు. "ఈ తాయెత్తుతో షుగరు పోతుంది" అని ప్రచారం చేస్తే 1954 మ్యాజిక్ రెమెడీస్ చట్టం పట్టుకుంటుంది. అందులో ప్రకటనకు ఇచ్చిన అర్థం చాలా విశాలం, నోటితో చెప్పి ప్రచారం చేసినా వస్తుంది. మొదటి తప్పుకు ఆరు నెలల వరకు శిక్ష.

ఎవరైనా హత్తాజోడీ అనే వేరు అమ్మజూపితే ఆ గదిలోకి రానివ్వకండి. అది వేరు కాదు, ఎండబెట్టిన ఉడుము జననాంగం. ఉడుము వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది, దగ్గర పెట్టుకున్నా మూడు నుంచి ఏడేళ్ల శిక్ష.