ఆ వాసన ఎక్కడి నుంచి వచ్చిందో రాయమ్మా

నల్లగొండ

అమ్మా,

నీ వ్యాసం అందింది. హాలియా అమ్మాయి ఒకతె, తాను పుట్టకముందే ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో నేలమట్టమైన హొరైజన్స్ అనే రైడ్ గురించి ఇన్ని పేజీలు రాసి పంపిందంటే మొదట సంతోషించాను. చదువుతూ పోయేకొద్దీ విసుగొచ్చింది. ఆరో పేజీలో ఒక అరవాక్యం దగ్గర మాత్రం ఆగిపోయి, చాలాసేపు ముందుకు పోలేకపోయాను. ఆ విసుగుకూ ఆ ఆగిపోవడానికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. నీ తెలుగు శుభ్రంగా ఉంది. మెచ్చుకోలు ఇంతవరకే, ఎందుకంటే చెప్పవలసింది చాలా ఉంది.

ముందు ఆ సూక్తి సంగతి. కలగనగలిగితే చేయగలం అన్న వాక్యాన్ని వాల్ట్ డిస్నీ పేరుతో మొదటి పేజీ నెత్తిన పెట్టావు. ఆ మాట ఆయనది కాదు. ఆయన 1966లోనే పోయాడు. ఆ వాక్యం నువ్వు వ్యాసం రాసిన ఈ హొరైజన్స్ రైడ్ కోసమే పుట్టింది. రాసినవాడు డిస్నీ సంస్థలో పనిచేసిన టామ్ ఫిట్జెరాల్డ్. ఏ రైడ్ మీద ఇంత ప్రేమ ఒలకబోశావో, ఆ రైడ్ సొత్తునే తీసుకుపోయి వేరొకరి ఖాతాలో వేశావు. నిజానికి నీ వ్యాసానికి ఇంతకన్నా మంచి ఎత్తుగడ దొరకదు. కట్టడం కూలిపోయింది, రాసినవాడి పేరు మరుగున పడింది, వాక్యం ఒక్కటే బతికి బట్టకట్టి, తప్పు పేరుతో ఊరేగుతోంది. అంత మంచి సంగతిని చేతిలో పెట్టుకుని అలంకారానికి వాడి వదిలేశావు.

ఇక నీ మాటలు. చెరగని జ్ఞాపకం, మధురానుభూతి, తిరిగిరాని స్వర్ణయుగం అని ప్రతి పేజీలోనూ రాశావు. అవన్నీ చదివాక కూడా ఆ రైడ్‌లో మనిషి కూర్చుంటాడో, నిలబడతాడో, నడుస్తాడో నాకు తెలియలేదు. పట్టుదల వచ్చి నేనే వెతికి చదివాను. హొరైజన్స్ 1983 అక్టోబర్ 1న తెరుచుకుంది, అంటే అది ఉన్న ఎప్‌కాట్ పార్కు మొదలైన సరిగ్గా ఏడాదికి. దాని రూపకల్పనలో ముఖ్యుడు జార్జ్ మెక్‌గినిస్. బండ్లు పైనున్న పట్టా నుంచి వేలాడుతూ, ఒకదాని పక్కన ఒకటి తెగని వరుసగా, దృశ్యాల వైపు తిరిగి కదిలేవి. దాదాపు పావుగంట ప్రయాణం. వెనకటి తరాలవాళ్లు భవిష్యత్తును ఎట్లా ఊహించుకున్నారో మొదట చూపేవారు: ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ తన కథలో చంద్రుడి మీదికి పంపిన ఫిరంగి గుండు లాంటి నౌక, ఫ్రెంచి చిత్రకారుడు అల్బేర్ రొబిదా ఊహించిన పారిస్, 1930ల నాటివాళ్లు కలగన్న మరమనుషుల ఇల్లు. ఆ తర్వాత మేడంత ఎత్తున్న వంపు సినిమా తెరలు. అవి దాటితే అసలు భవిష్యత్తు: ఎడారిని తోటగా మార్చిన మెసా వెర్డే, సముద్రంలో సీ క్యాజిల్ అనే ఊరు, అంతరిక్షంలో బ్రావా సెంటారి అనే నివాసం. చివరికి వచ్చేసరికి బండిలోనే మీటలుండేవి. ఎడారి మీదుగా పోదామా, సముద్రం లోపలి నుంచా, అంతరిక్షం గుండానా అని కూర్చున్నవాళ్లే నొక్కి చెప్పాలి. ఎక్కువమంది కోరిన దారి ఆ బండి ముందు తెర మీద కనిపించేది. కథకు ముగింపు ఎట్లా ఉండాలో చూసేవాళ్ల చేతికిచ్చిన ఆ మీటల గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. నాలుగు పేజీల స్వర్ణయుగం చేయలేని పని ఆ మీటలు చేసిపెట్టేవి.

ఇన్నేళ్లూ ఒక నమ్మకాన్ని పట్టుకునే నేను రాశాను. పోయినదాన్ని గురించి రాసేవాళ్లు ముందు దాన్ని కొలవాలి. ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎవరు కట్టారు, ఎవరు నడిపారు, పొద్దున్నే దుమ్ము తుడిచింది ఎవరు, డబ్బు ఎవరిది, ఎందుకు ఆపేశారు. ఇవి తెలిస్తే పాఠకుడికి బెంగ దానంతటదే పుడుతుంది. నీ బెంగనే మూటగట్టి పంపితే అతను దాన్ని ఏం చేసుకుంటాడు?

మీ ఊరి పక్కనే చూడు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసే నాటికే, నీళ్ల కింద పోబోయే నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పురావస్తు శాఖవాళ్లు తవ్వకాలు మొదలుపెట్టారు. 1954 నుంచి 1960 దాకా లోయను తవ్వి, కొలిచి, గీసి, ఫొటోలు తీసి, తరలించగలిగిన కట్టడాలను విప్పుకొచ్చి కొండ మీదా, ఒడ్డున అనుపులోనూ మళ్లీ నిలబెట్టారు. అనుపులోని మెట్ల రంగస్థలం మీద కూర్చుని నువ్వు ఫొటో దిగే ఉంటావు. ఆ లోయలోని ఇక్ష్వాకుల రాజధాని విజయపురి గురించి ఈరోజు మనం నాలుగు మాటలు నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే, ఎండలో టేపులు పట్టుకుని నిలబడ్డ ఆ మనుషుల చలవే.

మా అమ్మ పుట్టిన ఊరు కూడా సాగర్ నీళ్ల కిందే ఉంది. నేను దాన్ని చూడలేదు. చూడనిదాని గురించి రాసే హక్కు నాకుందా అని నువ్వు అడిగావు కదా, ఉంది. అడిగి తెలుసుకునే ఓపిక ఉన్నవాళ్లందరికీ ఉంది. మిర్యాలగూడలో కొత్తగా పంతులుగా చేరిన రోజుల్లో, ఆ ఊరి మీద కథ రాయాలని, నిర్వాసితులు సర్దుకున్న ఊళ్లకు సైకిలు మీద పోయి ముసలివాళ్లను అడిగేవాణ్ణి. వాళ్లు ఏడ్చేవాళ్లు కాదు. బజారులో ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే ఒకటి వెనక్కి పోవాల్సిందే అనేవారు. బొడ్రాయికి ఏ పక్కన ఎవరి ఇల్లో పుల్లతో మట్టిలో గీసి చూపేవారు. దిగుడుబావిలో ఏ నెలలో ఏ మెట్టు దాకా నీళ్లుండేవో ఒక అవ్వ తడుముకోకుండా చెప్పింది. అవన్నీ కథలో పెట్టాను. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ మెట్లనూ బజారునూ కొట్టేసి, కథలో ఆర్ద్రత తగ్గిందని నాకు ఉత్తరం రాసి, నది ఒడ్డున అవ్వ గుండెలు బాదుకుని ఏడ్చినట్టు తన సొంతంగా కల్పించి అచ్చు వేశాడు. అది చదివిన అవ్వ మనవడు మా ఇంటికొచ్చి, మా నాయనమ్మ ఎవరి ముందూ అట్లా ఏడవలేదు అని నన్ను నిలదీశాడు. ఆ తర్వాత నా సొంత డబ్బుతో వేసుకున్న పుస్తకంలో ప్రతి మెట్టునూ తిరిగి చేర్చాను. ఆ సంపాదకుణ్ణి ఇప్పటికీ నేను క్షమించలేదు.

ఇప్పుడు ఆ జబ్బు మరింత ముదిరింది. జ్ఞాపకాల శీర్షిక లేని ఆదివారం అనుబంధం కనిపించడం లేదు. అమ్మమ్మ, ఆవకాయ, మొదటి వాన, పాత రేడియో, చివర ఒక నిట్టూర్పు, బహుమతులూ వీటికే. నీ వ్యాసం కూడా అదే అచ్చులో పోసినట్టు ఉండడం చూసి నాకు నిజంగా బాధ కలిగింది, ఎందుకంటే నీ చేతిలో ఉన్న సరుకు వాళ్లెవరి దగ్గరా లేదు.

అభిమానుల కన్నీటి గాథ అని ఒక భాగం పెట్టావు. ఆ అభిమానుల్లోనే నీకు పాఠం చెప్పగలిగినవాళ్లున్నారు. 1990లలో ఇద్దరు కుర్రాళ్లు కదులుతున్న బండ్లలోంచి దిగి, దృశ్యాల లోపలికి పోయి, బొమ్మల వెనకా గోడల వెనకా ఏముందో ఫొటోలూ వీడియోలూ తీసుకున్నారు. అది నిబంధనలకు విరుద్ధం, ప్రాణాపాయం కూడా. ఆ పనిని నేను సమర్థించడం లేదు. కానీ తాము ప్రేమించింది ఎట్లా తయారైందో తెలుసుకోకుండా ఉండలేకపోయారే, ఆ తహతహ నీ వ్యాసంలో లేదు. ఇవాళ కంప్యూటర్‌లో ఆ రైడ్‌ను తిరిగి కట్టుకుంటున్న అభిమానులున్నారు. వాళ్లకు కావలసింది ఇటువంటి ఆధారాలే.

ఇక ఆరో పేజీ. మీ మేనమామ ఉద్యోగానికి అమెరికా పోయిన కొత్తలో, 1998లో, ఆ రైడ్ ఎక్కాడనీ, ఎడారి తోట దగ్గరికి రాగానే బత్తాయి వాసన కొట్టి ఇంటికాడ ఉన్నట్టనిపించిందని నీతో అన్నాడనీ రాశావు. రాసిన మరుక్షణమే మళ్లీ స్వర్ణయుగంలోకి వెళ్లిపోయావు. అమ్మా, నువ్వు రాయవలసింది అక్కడుంది. మెసా వెర్డేలో నిమ్మకూ నారింజకూ కలిపి పుట్టించిన పండును పండిస్తున్నట్టు చూపేవారు. ఒక మహిళారైతు కూర్చున్నచోటు నుంచే కోత యంత్రాలకు నోటితో పని చెబుతూ ఉండేది. బండి అక్కడికి చేరేసరికి నారింజ వాసనను గాలితో మనుషుల మీదికి తోసే యంత్రం ఒకటి అమర్చి ఉండేది. ఆ రైడ్ ఎక్కినవాళ్లు ఇన్నేళ్ల తర్వాత కూడా తలుచుకునేది ఆ వాసననే. కొన్ని వేల మైళ్ల దూరంలో, చీకటి గదిలో, యంత్రం ఊదిన వాసనకు నల్లగొండ జిల్లా కుర్రాడికి తన తండ్రి తోట కళ్లముందుకొచ్చింది. దీన్ని నువ్వు మధురమైన సువాసన అని రాస్తే నేను ఎట్లా ఊరుకుంటాను? పచ్చి బత్తాయి తొక్కను గోరుతో గిల్లితే సన్నటి తుంపర లేస్తుంది. కంట్లో పడితే మండుతుంది. వేళ్లకు అంటుకుంటే సబ్బుతో కడిగినా తొందరగా వదలదు. ఆ వాసనంతా తొక్కలోని నూనెది. ఈ జిల్లాలో పుట్టి ఆ తొక్కను గిల్లకుండా ఈ వ్యాసం రాయడానికి వీల్లేదు.

మీ తాత తోట ఇప్పుడు ఉందా? నువ్వు చెప్పలేదు. బోర్లు ఎండిపోయి, కాపు మీదున్న చెట్లను కొట్టించి కట్టెల కింద అమ్ముకున్న రైతులను నేను చూశాను. మీ మేనమామను మళ్లీ అడుగు. బండిలో పక్కన ఎవరు కూర్చున్నారు, చివర ఏ మీట నొక్కాడు, ఆ రాత్రి గదికి వచ్చి ఏం వండుకున్నాడు, ఇంటికి ఫోను చేసి ఈ సంగతి చెప్పాడా. నీళ్ల కోసం బోరు మీద బోరు వేసే ఊరి నుంచి పోయినవాడు ఎడారిలో తోట పండినట్టు చూపిస్తే ఏమనుకున్నాడో తప్పకుండా అడుగు. అది అమెరికా అభిమానులెవరూ రాయలేరు.

కాలం దాన్ని కాటేసింది అని రాశావు. కాలం ఏమీ చేయలేదు. ఆ రైడ్‌కు పోషకులుగా ఉన్న జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1993లో తప్పుకున్నారు. 1994 చివర్లో మూసేశారు. పార్కులోని వేరే ప్రదర్శనలు మరమ్మతులో పడడంతో 1995 డిసెంబర్‌లో మళ్లీ తెరిచారు. 1999 జనవరి 9న శాశ్వతంగా మూసి, 2000లో పడగొట్టారు. అదే స్థలంలో 2003లో మిషన్ స్పేస్ వచ్చింది. అది మనుషులను గిరగిరా తిప్పి, రాకెట్‌లో పైకి పోతున్న ఒత్తిడి కలిగించే యంత్రం. అక్కడ వరుసలో నిలబడే చోట ఉన్న పెద్ద చక్రం నడుమ హొరైజన్స్ గుర్తును ఉంచారు. భవనం కింద నేల కుంగిందన్న పుకారు అభిమానుల్లో తిరుగుతుంది. రాస్తే పుకారుగానే రాయి. డబ్బు పెట్టేవాళ్లు వెళ్లిపోయాక ఆ రైడ్ ఐదేళ్లకు పైగా ఎట్లా ఈడ్చుకొచ్చిందన్నది ఏడుపు కన్నా బలమైన కథ.

ఆ రైడ్ చెప్పినవన్నీ నిజమయ్యాయని కూడా రాశావు. సముద్రం లోపల ఊళ్లు ఎక్కడున్నాయి? అంతరిక్షంలో కాపురాలు ఎక్కడున్నాయి? నిజమైనది ఒకటుంది, అది నీ కంట పడలేదు. ఆ రైడ్ కథ చెప్పేది ఒక అవ్వా తాతా. వాళ్ల సంతానం ఎడారిలో ఒకరు, సముద్రంలో ఒకరు, ఆకాశంలో ఒకరు. చివరి దృశ్యంలో అంతరిక్షంలో ఒక పిల్లవాడి పుట్టినరోజు, దూరాన ఉన్న అయినవాళ్లంతా అక్కడ వెలుగు బొమ్మలుగా కనిపించి పండుగలో కలుస్తారు. మన జిల్లాలో ఎన్ని ఇండ్లలో అవ్వాతాతలు చెంబుకు ఫోను ఆనించి పెట్టి, డల్లాస్‌లో మనవడు కేకు కోయడం చూస్తున్నారు! ఆ రైడ్ కట్టినవాళ్లు దాన్ని అచ్చమైన సంతోషంగా చూపించారు. ఫోను పెట్టేశాక ఇంట్లో ఏమవుతుందో నీకు తెలుసు. మీ మేనమామ అక్కడ, మీ అమ్మమ్మ ఇక్కడ. ఆ పుట్టినరోజునూ ఈ ఫోనునూ పక్కపక్కన పెట్టి వదిలెయ్యి, వ్యాఖ్యానం చేయొద్దు.

కలం పేరు గురించీ, పోటీల గురించీ, మాండలికం గురించీ అడిగిన ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయడం లేదు. మేనమామతో మాట్లాడి, మొదటి రెండు పేజీలూ పూర్తిగా తీసేసి, ఆరో పేజీ నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. ఫిట్జెరాల్డ్ పేరు, మెక్‌గినిస్ పేరు వ్యాసంలో ఉండాలి. ఎక్కడికి పంపినా, తొక్క గిల్లిన సంగతి తీసేసి ఆర్ద్రత పెంచమని ఎవరైనా అడిగితే వ్యాసం వెనక్కి తెప్పించుకో. దసరాకు నేను దేవరకొండలో ఉంటాను, దీపావళి లోపు నల్లగొండ చిరునామాకే పంపు. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయి, రాత్రిపూట చదవడం కష్టమవుతోంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి