పొలంలో దొరికిన రోమన్ నాణేలు: తమ్ముడికి పంపవచ్చా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. కౌలుకు చేస్తున్న పొలంలో పైపులైనుకు గుంత తీస్తుంటే చిన్న ముంతలో 23 వెండి నాణేలు దొరికాయి. ఒక పక్క మగమనిషి తల, రెండో పక్క కొన్నింటికి రెక్కలున్న స్త్రీ. డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఇవి రోమన్ నాణేలంటున్నాడు. రెండు అతనికి పంపి మిగతావి కంసాలికి అమ్మవచ్చా?

జవాబు: రెండూ వద్దు. ఆ రెక్కల స్త్రీ రోమన్ల జయదేవత విక్టోరియా. చేతిలో దండ, ఖర్జూరపు మట్ట ఉంటాయి. మన వైపు ఎక్కువగా బయటపడేవి రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్‌ల దినారియస్‌లు, అంటే వెండి నాణేలు. వాటి వెనక డాళ్లతో నిలబడ్డ ఇద్దరు రాకుమారులో, కూర్చున్న స్త్రీయో కనిపించడం మామూలు. మీ వాటికి రెక్కలున్నాయంటే నిపుణుడు తప్పక చూడాలి. అంతవరకు చింతపండుతో తోమకండి. నాణేలు మార్చే పాత షరాఫులు కొట్టిన చిన్న ముద్రలు అరిగిపోతాయి.

నేలలో దాగి, విలువ పది రూపాయలు దాటినదల్లా 1878 నిధి నిక్షేపాల చట్టం కిందికి వస్తుంది. సెక్షన్ 4 ప్రకారం కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎన్ని, సుమారు విలువ, చోటు, తేదీ. తహసీల్దారుకు నోటిమాటగా చెబితే చాలదు. నాణేలను ట్రెజరీలో జమ చేయాలి, లేదా పూచీకత్తు ఇవ్వాలి. ముందే ఒక్కొక్కదాన్ని తూచి, రెండు పక్కలా ఫొటో తీసుకోండి. దరఖాస్తు నకలు మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి.

చెప్పకపోయినా, గుర్తు తెలియకుండా కరిగించినా సెక్షన్ 20 కింద మీ వాటా పోతుంది. ఏడాది వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. నూరేళ్లు దాటిన నాణెం 1972 పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం పురావస్తువు. కొరియర్‌లో విదేశానికి పంపితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా కూడా.

ఇక డబ్బు సంగతి. పెద్ద ఆశలు పెట్టుకోకండి. ప్రభుత్వం సెక్షన్ 16 కింద తీసుకుంటే ఇచ్చేది వేలం ధర కాదు. లోహం విలువ, దానికి తోడు అందులో అయిదో వంతు. నాణెం 3.8 గ్రాముల లెక్కన మీ 23 కలిపి సుమారు 87 గ్రాములు, అంతే. ప్రభుత్వం తీసుకోకుండా, సొంతదారు ఎవరూ తేలకపోతే, ముప్పాతిక మీది, పాతిక భూమి యజమానిది. మీ ఇద్దరి మధ్య వేరే ఒప్పందం ఉంటే అదే చెల్లుతుంది.

నిధిపై హక్కున్నవారు హాజరు కావాలని కలెక్టరు ఇచ్చే ప్రకటన వెలువడ్డాక విచారణ తేదీ నాలుగు నెలల తర్వాత, ఆరు నెలల లోపల ఉంటుంది. ఆ రోజు హాజరు కాని భూమి యజమాని తన హక్కు పోగొట్టుకుంటాడు. కాబట్టి ఆయనకు ఇప్పుడే చెప్పండి.