పంటి వాపుకు గోలీలు వాడితే కడుపు చెడింది.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 48. మాది హనుమకొండ జిల్లా పరకాల. పన్ను దగ్గర చీము పట్టి దవడ వాస్తే దంతవైద్యుడు అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆమ్లం కలిసిన 625 గోలీలు రోజుకు రెండు చొప్పున ఐదు రోజులకు రాశారు. వాపు తగ్గింది కానీ మూడో రోజు నుంచి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. మందుల షాపులో ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన గోలీలు ఇస్తే నాలుగు వేసుకున్నాను. అన్నీ ఆపి పది రోజులైనా రోజుకు రెండుసార్లు పలుచగా అవుతోంది. కడుపుబ్బరం, తేన్పులు ఉన్నాయి, ఆకలి లేదు. ఏడాదిగా రోజూ పరగడుపున గ్యాస్ గోలీ కూడా వేసుకుంటున్నాను. పెరుగు తినవచ్చా? పరీక్షలు అవసరమా?

జవాబు: మీరు రాసిన వరుసను బట్టి ఇది యాంటీబయాటిక్ వల్ల వచ్చిన ఇబ్బందే అనిపిస్తోంది. పంటి చీములోని బ్యాక్టీరియా కోసం వేసుకున్న మందు పేగుల్లో ఉండి అరుగుదలకు తోడ్పడే బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. అవి తగ్గిపోయినప్పుడు, అరగకుండా పెద్దపేగుకు చేరిన పిండిపదార్థాలు అక్కడే నిలిచి నీటిని పట్టి ఉంచడంతో మలం పలుచబడుతుంది. పైగా 625 గోలీలో 500 మిల్లీగ్రాములు అమాక్సిసిలిన్ అయితే మిగతా 125 క్లావులానిక్ ఆమ్లం. దీనికి పేగుల కదలికను పెంచే గుణం ఉంది. ఒట్టి అమాక్సిసిలిన్ బాగానే పడేవారిలో కొందరికి ఈ గోలీ పడకపోవడానికి కారణం అదే. పరగడుపున కాకుండా భోజనం మొదలుపెడుతూ వేసుకుంటే బాధ కొంత తగ్గుతుంది. మందు ఆపాక చాలామందికి విరేచనాలు కొద్ది రోజుల్లో కడతాయి, ఉబ్బరం మాత్రం మరికొన్ని వారాలు ఉండవచ్చు.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఆ తర్వాత వేసుకున్న నాలుగు గోలీల సంగతి. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ రెండూ మళ్లీ సూక్ష్మజీవులను చంపే మందులే. విరేచనాలు అనగానే, అంతకుముందు ఏం వాడారో అడగకుండా చేతిలో పెట్టేవి మన దగ్గర తరచూ ఇవే. అసలే దెబ్బతిన్న పేగులకు మరో రెండు మందులు తోడైతే కోలుకోవడం ఇంకా ఆలస్యమవుతుంది. ఇంట్లో మిగిలి ఉంటే మళ్లీ వేసుకోకండి.

పరీక్షల విషయానికి వస్తే, ఇప్పుడున్న పరిస్థితిలో వెంటనే అవసరం లేదు. అయితే యాంటీబయాటిక్ వాడినవారిలో కొద్దిమందికి, మందు ఆపిన రెండు మూడు నెలల వరకూ కూడా, క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా పెద్దపేగులో పెరిగి దాని విషపదార్థాలతో పేగు లోపలి పొర వాచిపోయే ప్రమాదం ఉంది. 65 ఏళ్లు దాటినవారికి, ఆసుపత్రిలో ఉండి వచ్చినవారికి ఈ ముప్పు ఎక్కువ. రోజూ గ్యాస్ గోలీ వేసుకునేవారికీ కొంత పెరుగుతుంది. మీకు రోజుకు మూడు లేదా అంతకు మించి నీళ్ల విరేచనాలు మళ్లీ మొదలైనా, జ్వరం, మలంలో రక్తం, తగ్గని కడుపునొప్పి కనిపించినా, మూత్రం బాగా తగ్గినా ఆలస్యం చేయకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోనో దగ్గర్లోని ఫిజీషియన్ వద్దనో చూపించుకుని, ఏ మందులు వాడారో చెప్పండి. మలపరీక్షలో ఆ బ్యాక్టీరియా తేలితే చికిత్స వేరుగా ఉంటుంది. ఈలోగా విరేచనాలు కట్టడానికి లోపెరమైడ్ వంటివి సొంతంగా వేసుకోవద్దు. ఈ బ్యాక్టీరియా బీజాలు శానిటైజర్‌కు చావవు కాబట్టి మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక సబ్బుతోనే చేతులు కడుక్కోవాలి.

గ్యాస్ గోలీ ఎందుకు మొదలుపెట్టారో మీరు రాయలేదు. కీళ్ల నొప్పుల గోలీలకు తోడుగానో, అల్సర్ కోసమో వైద్యుడు రాసి ఉంటే ఆయన్ను అడగకుండా మానకండి. ఊరికే అలవాటుగా సాగుతోంటే దాన్ని ఆపించడం గురించి మాట్లాడండి.

పెరుగు నిస్సంకోచంగా తినండి. విరేచనాల తర్వాత కొన్నాళ్లు పాలు సరిగా అరగక ఉబ్బరం పెరుగుతుంది కనుక పాలు, పాల చాయ్ తగ్గించి పెరుగన్నం, పలుచని మజ్జిగ తీసుకోవచ్చు. జొన్న గట్క అలవాటే అయితే మజ్జిగ కలుపుకుని కొద్దికొద్దిగా మొదలుపెట్టండి. పచ్చిమిరప తొక్కు, మాంసం వేపుడు కొన్నాళ్లు ఆగవచ్చు. మళ్లీ నీళ్లగా అయితే ఓఆర్‌ఎస్ తాగండి. పొట్లంపై లీటరు అని ఉంటే మొత్తం పొడిని లీటరు నీళ్లలోనే ఒకేసారి కలపాలి. గ్లాసుకు చెంచా చొప్పున అంచనాగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి, 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. మేలు చేసే బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ గోలీలు యాంటీబయాటిక్‌తో పాటే మొదలుపెడితే కొందరికి విరేచనాలు రాకుండా ఆపుతాయి కానీ, అన్నీ ఆపిన పది రోజులకు కొని వేసుకుంటే పెద్దగా ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

ఇక పన్ను సంగతి. గోలీలతో వాపు తగ్గినా చీముకు మూలమైన పన్ను అలాగే ఉంది. రూట్ కెనాల్ చేయించడమో తీయించడమో జరగకపోతే మళ్లీ వాచి, మళ్లీ యాంటీబయాటిక్ దాకా వస్తుంది. దంతవైద్యుడి దగ్గరికి వెళ్లినప్పుడు ఈ గోలీతో విరేచనాలు అయ్యాయని చెప్పండి, అంతేకానీ పెన్సిలిన్ ఎలర్జీ ఉందని రాయించుకోకండి. ఒంటిపై దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే ఎలర్జీని అనుమానించాలి. మీకు వచ్చింది మందు దుష్ప్రభావం మాత్రమే కనుక, అవసరమైతే ఒట్టి అమాక్సిసిలిన్ ఇచ్చే వీలు ఆయనకు ఉంటుంది.