అడ్మిట్ వచ్చేదాకా ఇంట్లో ఎట్లా ఉండాలి?

తమ్ముడూ, డిసెంబర్‌లో అమెరికాలో ఎంఎస్‌కు అప్లై చేశానని, మార్చి సగమైనా రెండు రిజెక్ట్‌లు తప్ప అడ్మిట్, అంటే సీటు ఇచ్చినట్టు కబురు, ఒక్కటీ రాలేదని, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదని, ఇంట్లో ఏం చెప్పాలో తెలియట్లేదని రాశావు. హనుమకొండలో మా ఇంట్లో కూర్చొని నేనూ ఇదే టెన్షన్ పడ్డాను. నాకు పనికొచ్చినవి చెప్తాను.

ముందు నిద్ర సంగతి. మార్చి రెండో ఆదివారం నుంచి అక్కడ గడియారాలు గంట ముందుకు జరుపుతారు. తూర్పు తీరంలో పొద్దున తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే మనకు సాయంత్రం ఆరున్నర, ఐదింటికి మూసేసరికి రాత్రి రెండున్నర. పడమటి తీరమైతే ఇంకో మూడు గంటలు ఆలస్యం. పగలంతా మెయిల్ తెరిచి చూసినా దాదాపు ఏమీ రాదు. రాత్రి వచ్చినా తెల్లారేలోపు నువ్వు చేయాల్సిన పనేమీ ఉండదు. అందుకే నేను ఫోన్‌ను ముందు గదిలో చార్జింగ్‌కు పెట్టి పడుకునేదాన్ని, పొద్దున చాయ్ తాగాక ఒక్కసారి చూసేదాన్ని. మొదట్లో ప్రాణం కొట్టుకుంది, తర్వాత అలవాటైంది. ఇట్లా చేసినా నిద్ర పట్టకపోతే, తిండి కూడా సహించకపోతే 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

అడ్మిట్ గ్రూపుల్లోంచి కొన్నాళ్లు బయటికి వచ్చేయి. అక్కడ వచ్చినవాళ్లే రాస్తారు, ఎదురుచూసేవాళ్లు చప్పుడు చేయరు. చాలా డిపార్ట్‌మెంట్లు విడతలుగా చెప్తాయి, కాబట్టి నీ స్నేహితుడికి ముందు వచ్చిందంటే నీది పోయిందని కాదు.

నాకు అసలు కష్టం ఇంట్లోనే. బాపు డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విడవకముందే "ఏమన్న వచ్చిందా బిడ్డా?" అనేవాడు. లేదంటే ఏమీ అనకుండా లోపలికి పోయేవాడు. అది నాకు రిజెక్ట్ మెయిల్ కన్నా బరువనిపించేది. ఒక ఆదివారం అమ్మను, బాపును కూర్చోబెట్టి ఒక కాగితం మీద అంతా రాసి చూపించాను. ఏ యూనివర్సిటీ ఎప్పటికల్లా చెప్తుంది, ఖర్చెంత, ఒక్కటీ రాకపోతే నేనేం చేస్తాను. ఆ ఆఖరి వరుస రాయడానికి చెయ్యి రాలేదు. బాపు ఎక్కువసేపు చదివింది దాన్నే. "గట్లయితే ఫికర్ లేదు, నౌకరీ చేసుకుంట మల్ల అప్లై చెయ్యొచ్చు" అన్నాడు. సీటు రాకపోతే నేనేమైపోతానో అని ఆయన భయమంతా. ఆ రోజు నుంచి అడగడం మానేశాడు. పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే అమ్మే "ఏప్రిల్ ఆఖరుకు తెలుస్తది" అని చెప్పి పంపేది. నువ్వూ ఆ కాగితం రాయి, రాకపోతే ఏం చేస్తావో తప్పకుండా రాయి. గేట్ రాశానన్నావు కదా, ఆ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. మన కాజీపేట దారిలోని ఎన్‌ఐటీతో సహా ఎన్‌ఐటీల ఎంటెక్ సీట్లకు సీసీఎంటీ కౌన్సెలింగ్‌లో పనికొస్తుంది. ఉద్యోగం ఆఫర్ ఉంటే, ఇన్నాళ్లు మానకూడదనే బాండ్ ఉందో లేదో చదివి చేరిపో.

ఏప్రిల్ 15 ఎందుకు ముఖ్యమో కూడా ఇంట్లో చెప్పు. ఫెలోషిప్, అసిస్టెంట్‌షిప్ లాంటి ఫండింగ్‌తో సీటు వచ్చినవాళ్లను ఆ తేదీకి ముందు జవాబు చెప్పమని బలవంతపెట్టకూడదని అమెరికాలో పీజీ చదువులు చెప్పే యూనివర్సిటీల సంఘం కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంలో ఉంది, చాలా యూనివర్సిటీలు దానికి ఒప్పుకున్నాయి. రెండు మూడు సీట్లు పట్టుకున్నవాళ్లు ఆ రోజుల్లోనే వదులుకుంటారు, వెయిట్‌లిస్ట్ అప్పుడు కదులుతుంది. ఫండింగ్ లేని ఎంఎస్‌కు గడువు నీ అడ్మిట్ లెటర్‌లో ఉన్నదే, అది చూసుకో. వాళ్లు చెప్పిన తేదీ దాటినా జవాబు లేకపోతే నీ పేరు, అప్లికేషన్ నంబర్ రాసి, నిర్ణయం ఎప్పటికి తెలుస్తుందని ఒకే ఒక్క మెయిల్ పెట్టు. రోజూ పెట్టకు.

పగలు చేసుకోవాల్సిన పని మాత్రం చాలా ఉంది. ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీసుకునేటట్టయితే బ్యాంకు ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు ఇదివరకు ఎవరి చేతులు మారిందో చూపే పాత కాగితాలు) అడుగుతుంది, తర్వాత లాయర్ ఒపీనియన్, వాల్యుయేషన్. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు తీసుకోవు, ఆ సంగతి ముందే మేనేజర్‌ను అడుగు. ఇంటి కాగితాలు తాతయ్య పేరు మీదే ఉంటే ఇప్పుడే కదులు, ఆ పేరు మార్పిడికే నెలలు పడుతుంది.